లోయలోకి రమ్మనే మనిషి

మా దీవిలో చూడ్డానికేముందని నా వ్యాన్ ఎక్కిన ప్రతివాళ్లూ అడుగుతారు. ఏమీ లేదంటాను. అబద్ధం కాదు. మొలొకాయి మొత్తం వెతికినా ఒక్క ట్రాఫిక్ లైటు కనపడదు. పోస్టాఫీసులో కొబ్బరికాయ మీదే చిరునామా రాసిస్తే దాన్ని అలాగే పంపిస్తారు, ఆ ముక్క చెప్తే చాలు పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లలైపోయి చప్పట్లు కొడతారు. సముద్రంలో రాళ్లు పేర్చి కట్టిన పాతకాలపు చేపల చెరువులున్నాయి. ఇంకేమైనా ఉందా అని రెట్టిస్తే, అప్పుడు తూర్పు చివరనున్న లోయ సంగతి చెప్తాను. కానీ అక్కడికి వెళ్లడం నా చేతిలో లేదు, మీ చేతిలోనూ లేదని కూడా చెప్తాను.

రేవు ఊరి నుంచి రోడ్డు పట్టుకుని, ఆ రోడ్డు అయిపోయేదాకా పోతే ఏరు సముద్రంలో కలిసే చోటు వస్తుంది. నేను వాళ్లని అక్కడ దించుతాను. లోపల జలపాతం దాకా నడిపించేవాడు కైపో. అతను ముందుగా ఏటి ఒడ్డున నిలబడి శంఖం ఊదుతాడు. అవతల చెట్ల వెనక నుంచి ఇంకో శంఖం బదులు పలికితేనే లోయలోకి అడుగు పెట్టాలి. పలక్కపోతే వెనక్కి తిరగాలి, అంతే. జలపాతం కింద ఈదాలని సముద్రాలు దాటి వచ్చామని మొత్తుకున్నా లాభం లేదు. అటువైపు నుంచి బదులు పలికే మనిషి కపువా ఆంటీ.

నాకు పుట్టుకతో ఒక జబ్బుంది. మూసిన తలుపు కనిపిస్తే చెవి ఆనించకుండా ఉండలేను. అందుకే ఎన్నేళ్లుగానో ఒక అనుమానం నన్ను తొలుస్తుండేది. కైపో ఊదాక ఆంటీ ఒక్కోసారి వెంటనే పలుకుతుంది. ఒక్కోసారి ఎంతకీ పలకదు. మేం ఎండలో నిలబడి దోమల్ని తోలుకుంటూ ఉంటాం. లోపల ఆవిడ ఏం చేస్తోందని వాళ్లు నన్నడిగితే, కాఫీ తాగుతోందని చెప్పేవాణ్ని. కైపోని అడిగితే, "అవన్నీ అడక్కూడదు అంకుల్" అని పెద్దమనిషిలా మొహం పెట్టేవాడు. తనకీ తెలియదన్నమాట.

ఆంటీ ఆ లోయలోనే పుట్టింది. పెద్ద కెరటం వచ్చి లోయని ముంచేసినప్పుడు చంటిపిల్ల, వాళ్లమ్మ చంకనేసుకుని కొండెక్కి బతికించింది. చేమ మళ్లన్నీ ఉప్పుకయ్యలై కూర్చున్నాయి. ఒక్కో కుటుంబమే లోయ వదిలిపెట్టింది. ఆంటీ దీవికి పడమటి వైపు, వానే పడని పొడినేలలో, పైనాపిల్ కంపెనీ క్యాంపులో పెరిగి, అక్కడే కాయలు కోసింది. కంపెనీ మూటాముల్లె సర్దుకుపోయాక మొగుడు హోనొలులు వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. "పోనీలే, వాడికి బురద పడదు" అనేసి, లోయలో ఒంటరిగా ఉన్న కెఒలా బాబాయి దగ్గరికి చేరి, చేతులు పుండ్లు పడేలా మళ్లన్నీ బాగుచేసింది. శంఖం ఆ బాబాయి నుంచి వచ్చిందే.

ఆంటీ నోరు మహా దురుసు. ఎదుటివాళ్లని సగం మాట కూడా పూర్తి చేయనివ్వదు. లోయలో పుట్టినవాళ్లు తప్ప మిగతావాళ్లంతా ఏటి దగ్గర ఆగి అడగాల్సిందే. కైపో ఆవిడకి సొంత అన్న కొడుకు. అతని పెళ్లాం మరిసెల్ పడమటి వైపు ఫిలిప్పీనో ఇంటి పిల్ల. పెళ్లి బట్టల్లో వచ్చిన రోజున కూడా ఆ పిల్లని ఏటి ఒడ్డునే నిలబెట్టింది. వానకి తడిసి పూలదండంతా నీరుకారుతుంటే అప్పుడు పలికింది. మరిసెల్ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. భార్యాభర్తలిద్దరూ పైన రోడ్డు పక్కన కాపురముంటారు. లోయలో ఆంటీ ఒక్కతే, తోడుకి ముసుబి అనే ఊరకుక్క. కూనగా ఉన్నప్పుడు నా మధ్యాహ్నం తిండి, అన్నం ముద్ద మీద మాంసం పెట్టి చుట్టిన ముసుబిని, కాగితంతో సహా ఎత్తుకుపోయిందని దానికాపేరు.

ఇంతకీ చెప్పొచ్చేది ఆ రోజు సంగతి.

వ్యాన్ నిండా జనం. కైపో అందరినీ వరసగా నిలబెట్టి, లోపల ఏ రాయీ తీసి జేబులో వేసుకోకూడదని చెప్తున్నాడు. పైనుంచి మావీ దీవి హెలికాప్టర్ ఒకటి చెవులు పగలగొడుతూ కొండ వైపు పోయింది. కైపో సంచిలోంచి శంఖం తీస్తున్నాడు. ఇంకా పెదవికి ఆనించనే లేదు. చెట్ల వెనక నుంచి ఆంటీ శంఖం పలికింది.

కైపో మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అంకుల్, విన్నావా?"

"విన్నా. ఆంటీదే."

"నేను ఊదలేదు కదా!"

"లేదు."

"మరి ఎవర్ని రమ్మంది?"

ఒహాయో నుంచి వచ్చిన పొడుగాటి ఆవిడ, "రమ్మన్నారుగా, పదండి మరి" అని చెప్పులు విప్పి ఏట్లో దిగబోయింది.

"మనల్ని కాదమ్మా!" అన్నాడు కైపో, చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసి. "మన కంటే ముందు ఎవరో అడిగారు. కంటికి కనపడనివాళ్లు. వాళ్లకి దారివ్వాలి. అందరూ సముద్రం వైపు తిరగండి. ఎవరూ వెనక్కి చూడొద్దు."

మా పూర్వీకులు గుంపుగా నడిచిపోతుంటే చూసినవాడు బతకడని మా నమ్మకం. నేనూ తిరిగాను. నాతో పాటు పదిమందీ భోజనం సంచులు గుండెలకి హత్తుకుని, బడి పిల్లల్లా సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు. కాసేపయ్యాక కైపో అందరినీ వ్యాన్ ఎక్కించేశాడు. ఆ రోజుకి లోయ లేదు. ఒహాయో ఆవిడ దారిపొడవునా నా తల తినేసింది.

ఆ మధ్యాహ్నమే ఏరు ఎర్రగా, దుంగల్ని దొర్లించుకుంటూ విరుచుకుపడింది. కింద చినుకు లేదు, వానంతా కొండ మీదే. మేం వెళ్లి ఉంటే సరిగ్గా జలపాతం కింద ఉండేవాళ్లం. ఇక చూడండి, దీవంతా ఒకటే మాట. పూర్వీకులే అడ్డం నిలబడి కాపాడారని దుకాణంలో, చర్చిలో, చేపలు కడిగే చోట కూడా చెప్పుకున్నారు. ఒహాయో ఆవిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. పక్క దీవుల నుంచి ఫోన్లు, పూర్వీకులు వచ్చే రోజుకి టిక్కెట్టు ఉందా అని.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అడిగింది పూర్వీకులే అనుకుందాం. పలికింది ఆంటీ కదా, వాళ్ల పిలుపు ఆవిడ చెవిన ఎలా పడింది? ఏం వినిపించింది? ఏరు తగ్గగానే ఒక్కణ్నే బయల్దేరాను.

నా దగ్గరా ఓ శంఖం ఉంది, అంచు విరిగింది. నేను ఊదితే దగ్గొచ్చిన ఎద్దు అరిచినట్టుంటుంది. ఒడ్డున నిలబడేసరికి ముసుబి తోక ఊపుకుంటూ ఏరు ఈది నా దగ్గరికొచ్చింది. సంచి వాసన పట్టింది దొంగముండ. దానికో ముక్క పడేసి శంఖం ఊదాను. కుక్క తింటున్నదల్లా మూతి ఆకాశానికెత్తి పెద్దగా ఊళపెట్టింది. ఆంటీ పలకలేదు. ఆగాను. మళ్లీ ఊదాను. కుక్క మళ్లీ ఊళ. అటువైపు చడీచప్పుడూ లేదు.

ఆవిడకేమైనా అయిందేమో అనుకున్నాను. అంతలో చెట్ల వెనక రేకు పళ్లెం మీద గరిటెతో కొట్టిన చప్పుడు. కుక్కకి అన్నం వేళ. ముసుబి నన్ను వదిలేసి ఏట్లో దూకి ఇంటికి పరిగెత్తింది. పిలవని చుట్టంలా అక్కడే కాసేపు నిలబడ్డాను. కుక్క ఇల్లు చేరి ఉంటుందనిపించాక ఇంకోసారి ఊదాను. అవతల ఊళ. ఆ వెంటనే శంఖం!

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ వింటున్నది నా శంఖాన్ని కాదు, అసలు దేన్నీ కాదు. కుక్క మూతి పైకెత్తడం చూసి పలుకుతోంది. మొన్న ఆ కుక్క మూతి ఎత్తింది హెలికాప్టర్‌కి.

వరండాలో ఆంటీ ఎప్పట్లాగే నా నుదుటికి నుదురు, ముక్కుకి ముక్కు ఆనించి ఊపిరి పంచుకుంది. ఇంటికొచ్చిన ఎవరినైనా అలాగే పలకరిస్తుంది. తరవాత నా భుజాలు వదల్లేదు. కుక్క కాళ్ల వంక చూసి, నా పెదాల మీద కళ్లు నిలిపింది.

"ఇది తడిసొచ్చింది. నీ దగ్గరికొచ్చిందన్నమాట."

"వచ్చింది."

"అప్పుడు ఊదావు."

"ఊదాను."

"నేను పలకలేదు."

ఆంటీ బల్ల మీద కూలబడింది. ఎన్నాళ్లుగా వినపడటం లేదో మాకెలా తెలుస్తుంది చెప్పండి, ఆవిడ ఎప్పుడైనా మమ్మల్ని మాట్లాడనిస్తేగా!

"ఎవరికి చెప్పావు?"

"ఇప్పుడేగా తెలిసింది!"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు." లేచింది. "రా, నీకొకటి చూపిస్తా. ఇన్నేళ్లుగా చస్తున్నావుగా తెలుసుకోవాలని."

ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ ఏరు రెండు రాళ్ల సందులోంచి దూకుతుంది. తలెత్తితే కొండ చీలిక కనిపిస్తుంది.

"పిలుపు రాగానే ఇక్కడికొస్తా. నీళ్లు చూస్తా. రంగు తిరిగినా, పచ్చి ఆకులు కొట్టుకొస్తున్నా పైన వానే. మనకి ఇక్కడ ఎండ కాస్తున్నా సరే. అనుమానముంటే ఇంకాసేపు నిలబడి చూస్తా. అప్పుడే ఊదుతా, లేదా ఊదను."

"నేను కాఫీ తాగుతున్నావనుకున్నా."

"అదీ తాగుతా. అందులో తప్పేముంది?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆంటీ కళ్లు నీళ్లమీదే ఉన్నాయి.

"మొన్న చూళ్లేదురా. కుక్క మూతెత్తింది, ఊదేశాను. ఆలస్యమైతే ముసలిదానికి వినపడలేదని మీకు తెలిసిపోతుందేమోనని కొన్నాళ్లుగా ముందు ఊదేసి తరవాత చూస్తున్నా. మొన్న వెనక్కొచ్చి చూసేసరికి నీళ్లలో ఆకులు. ఎలా ఆపను? రమ్మన్నాక వద్దనే శంఖం లేదు. పరిగెత్తుకుంటూ ఏటి దగ్గరికొచ్చా. మీరు లేరు."

ఆవిడ వయసులో ఆ రాళ్లమీద పరుగా! నోటికొచ్చిన సలహాలన్నీ ఇచ్చేశాను. చెవి మిషన్ పెట్టుకోమన్నాను. పెట్టుకుందట, కోడిపుంజు బుర్రలో దూరి కూసినట్టుందట, శంఖం మాత్రం వినపడలేదట. పోనీ కుక్కని గుంజకి కట్టేసి, ఎప్పట్లా నీళ్లు చూశాకే ఊదు, నేనెవరికీ చెప్పనులే అన్నాను.

అంతే, ఒంటికాలి మీద లేచింది.

"కుక్కని నమ్ముకుని రమ్మంటానా? నేను రమ్మంటేనే వాళ్లు వస్తారు. చంటిపిల్లల్ని ఎత్తుకుని వస్తారు. రమ్మన్న క్షణం నుంచి వాళ్ల ప్రాణం నాది. పిలుపు వినలేనివాళ్లు రమ్మనకూడదు. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు. కెఒలా బాబాయికి చెవుడొస్తే శంఖం ఆయన చేతిలోంచి లాక్కున్నది నేనే. ఆ తరవాత ఆయన వరండాలోకి రాలేదు. వచ్చినవాళ్ల మొహం చూడలేదు. వంటింట్లో చేమదుంపలు దంచుకుంటూ దంచుకుంటూ పోయాడు. నాకు భయంగా ఉంది క్లారెన్స్. ఆ వంటింట్లోకి పోవాలంటే భయంగా ఉంది."

ఇద్దరం ఆ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు ఆవిడే నన్నూ, కైపోని, మరిసెల్‌ని పిలిపించింది. చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది.

"అయితే ఆ రోజు పూర్వీకులు రాలేదా ఆంటీ?" అన్నాడు కైపో.

"వచ్చారో లేదో నాకెలా తెలుస్తుందిరా? వినపడదనే కదా చెప్పేది!"

వాడు ఒడ్డు నుంచి జనాన్ని నడిపించాలి కాబట్టి లోపల్నుంచి పలకలేడు. చుట్టాల్లో ఎవరెవరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒకడు తాగుబోతు, ఒకతి లాస్ వేగస్‌లో, ఇంకోడికి పొద్దున్న లేవడమే రాదు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ మరిసెల్, "నేను ఊదుతాను" అంది.

ఆంటీ ఆ పిల్ల పెదాలకేసి చూసింది. విననట్టే నావైపు తిరిగి, "ఏమంటోంది?" అంది.

"తను ఊదుతుందట."

"పొడినేల పిల్లకి నీళ్ల సంగతేం తెలుసు?"

మరిసెల్ వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది, పెదాలు కనపడేలా. "మా క్యాంపులో నీళ్లు లేవు. వారానికోసారి ట్యాంకరొచ్చేది. ఒక్క చుక్క ఎటు పోతోందో కళ్లల్లో వత్తులేసుకుని చూసేవాళ్లం. నీళ్లు చూడ్డం నాకు రాదనకండి. శంఖం రాదనండి, నేర్పండి. నన్నూ వానలో నిలబెట్టారుగా, నిలబడటం వచ్చు నాకు."

ఆంటీ లేచి, మేకుకి వేలాడుతున్న శంఖం తీసి, తన గౌను అంచుతో తుడిచి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

నేర్పడం చూసి తీరాలి. పంతులమ్మకి వినపడదు, శిష్యురాలికి ఊదడం రాదు. మొదట్లో అంతా తుస్సుమన్న గాలే. ఆంటీ ఆ పిల్ల బుగ్గలు వేళ్లతో నొక్కి సరిచేసి, ఊదమని, వెంటనే కుక్క వంక చూసేది. ముసుబి కదలకపోతే "ఊహూఁ" అనేది. ఓ రోజు కుక్క బద్ధకంగా ఒక చెవి ఎత్తింది. "కొంచెం నయం" అంది ఆంటీ. మూతి ఎత్తి ఊళపెట్టిన రోజున ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గంతులేశారట. కైపో చెప్పాడు, చూడలేకపోయినందుకు నాకిప్పటికీ దిగులే. శంఖం కన్నా నీళ్ల దగ్గరే ఎక్కువసేపు నిలబెట్టేదట.

మరిసెల్ మొదటిసారి పలకాల్సిన పొద్దున్న వ్యాన్ తీసుకెళ్లి ఆపేసరికి, ఏటికి ఇటువైపున, ఇంతకు ముందెప్పుడూ చూడని చోట కపువా ఆంటీ రాయి మీద కూర్చుని ఉంది. చేతిలో కైపో శంఖం. కైపో పక్కన ఇబ్బందిగా నిలబడి ఉన్నాడు.

"తను అడుగుతుందట అంకుల్. నువ్వు లోయలో పుట్టావు, అడగక్కర్లేదని చెప్పా. వింటేనా?"

"వంటింట్లో కూచోబుద్ధి కాలేదు" అంది ఆంటీ, వాడి పెదాలు చదివి. "అడగడానికి చెవులెందుకు?"

వ్యాన్‌లోంచి దిగినవాళ్లు చుట్టూ చేరారు. వీపున పసిదాన్ని కట్టుకున్న ఒక తల్లి, రిటైరైన మేష్టర్లిద్దరు, దారంతా ఫోన్లోనే తల దూర్చిన కుర్రాడొకడు, వాడి తండ్రి. ఆంటీ లేచి, ఏటి వైపు తిరిగి ఊదింది. అంత నిండుగా కైపో ఎన్నడూ ఊదలేదు. ఆనక శంఖం దించి నిలబడింది.

అవతల ఉలుకూ పలుకూ లేదు. మేష్టరు చెప్పు కొనతో ఇసక గీకాడు. కుర్రాడు సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. పసిది ఏడుపందుకుంది. ఆంటీ ఒక్కసారి నా వంక చూసింది. ఇంకా లేదని తల అడ్డంగా ఊపాను. లోపల మరిసెల్ నీళ్లు చూస్తోందో, భయపడి శంఖం పెదవికి ఆనించలేకపోతోందో తెలియలేదు. తనే అడిగాక మరిసెల్ పలక్కపోతే ఆంటీ తను పుట్టిన లోయలోకి తానే వెళ్లలేదు. వ్యాన్ ఎక్కాల్సిందే. ఆ తలంపుకే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు పలికింది. మొదట కొంచెం బొంగురు, తరవాత సాఫీగా, చివర్లో సన్నగా వణుకు.

వచ్చిందని చెప్దామని ఆంటీ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ నావైపు చూడటంలేదు. వాళ్లని చూస్తోంది. మేష్టర్లిద్దరూ చిన్నపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పసిదాని తల్లి కళ్లనిండా నీళ్లు. ఆ కుర్రాడు ఫోన్ జేబులో పడేసి, ఎవరూ చెప్పకుండానే టోపీ తీసి, చెట్లకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎప్పుడూ ఇలాగే అవుతాయా వీళ్ల మొహాలు?" అంది ఆంటీ, నావైపు తిరిగి.

"పలికిన ప్రతిసారీ ఇంతే ఆంటీ."

"ఇన్నేళ్లలో నాకొక్కరూ చెప్పలేదేమిరా!"